పలెర్మోలో బోనుల కంటే లెక్కలే గొప్పవి

సంపాదకులకు,

అయ్యా,

పెద్ద ముఠా ఏదైనా పట్టుబడితే చాలు, ‘ఇటలీలో మాఫియాను వందల మందిని ఒకే కేసులో నిలబెట్టారు, మనమూ అలాగే చెయ్యాలి’ అనే మాట పత్రికల్లో, టీవీ చర్చల్లో వినబడుతుంది. ఫొటోల్లోని ఆ ఇనుప బోనులు అందరికీ గుర్తే. పై కోర్టులో ఆ కేసు ఎందుకు నిలిచిందో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

సిసిలీలోని పలెర్మోలో ఆ విచారణ 1986 ఫిబ్రవరి 10న మొదలైంది, 1987 డిసెంబర్ 16న తీర్పు వచ్చింది. విచారణకు పంపినవాళ్లు 475 మంది. ఉచ్చార్దోనే జైలును ఆనుకుని ప్రత్యేకంగా కోర్టు హాలు కట్టి, గోడల వెంట 30 బోనులు పెట్టారు. జైలు నుంచి ముద్దాయిలు రోడ్డెక్కకుండానే కోర్టులోకి వచ్చేవారు. 19 మందికి యావజ్జీవం పడింది. మిగతావాళ్ల శిక్షలు కలిపితే 2,665 ఏళ్లు. ఇంతవరకు అందరూ రాస్తారు. అదే తీర్పులో 114 మంది నిర్దోషులుగా బయటపడ్డారన్నది రాయరు. కోర్లెయోనే ముఠా పాత నాయకుడు లూచానో లెజ్జో జైల్లో ఉంటూనే ముఠాను నడిపాడన్న ఆరోపణకు ఆధారం చాలదని అతన్ని కూడా ఈ కేసులో వదిలేశారు. గంపగుత్తగా శిక్ష వేసి ఉంటే అప్పీలులో మొదట కూలేది ఈ తీర్పే.

ఆ కేసుకు పునాది 1982లో పడింది. అంతకుముందు ఒక్కో హత్యను విడిగా రుజువు చేయాల్సి వచ్చేది. సాక్షి నోరు మెదపడు, కేసు కొట్టేస్తారు. బెదిరింపు శక్తితో జనం నోరు నొక్కి బతికే సంఘంలో సభ్యుడై ఉండటమే నేరమంటూ శిక్షాస్మృతిలో 416 బిస్ అనే కొత్త అధికరణాన్ని చేర్చారు. దాన్ని ప్రతిపాదించిన పియో లా తోర్రెను 1982 ఏప్రిల్ 30న చంపేశారు. పలెర్మో ప్రిఫెక్టుగా (కేంద్ర ప్రభుత్వ ప్రతినిధిగా) వచ్చిన జనరల్ దల్లా కియేజాను సెప్టెంబర్ 3న చంపారు. అప్పటిదాకా నానుతున్న బిల్లు ఆ తర్వాత పది రోజులకే చట్టమైంది. (చట్టసభలకు ఎక్కడైనా కదలిక రావాలంటే ఒక శవం కావాలేమో!) ఆస్తుల జప్తు, బ్యాంకు ఖాతాల తనిఖీ కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి.

ఇక మాఫియా సభ్యుడు తొమ్మాసో బుషెట్టా. అతను అప్రూవరుగా (తోటివాళ్ల మీద ప్రభుత్వం తరఫున సాక్ష్యం చెప్పే నేరస్థుడిగా) మారబట్టే కేసు గెలిచిందని అనుకుంటారు. 1984 జులైలో బ్రెజిల్ నుంచి తెచ్చాక అతను దర్యాప్తు మెజిస్ట్రేటు జొవాన్ని ఫాల్కోనేకు వారాల తరబడి చెప్పిన మాట నిజమే. దాని ఆధారంగా ఆ సెప్టెంబర్ 29న 366 వారెంట్లు జారీ అయ్యాయి. కానీ తోటి నేరస్థుడి నోటి మాట ఒక్కదాన్నే నమ్మి ఏ కోర్టూ యావజ్జీవం వెయ్యదు. ఫాల్కోనే, ఆయన తోటి మెజిస్ట్రేటు బొర్సెల్లీనో బృందం ఆ మాటల్లో ప్రతిదానికీ ఒక కాగితాన్నో తూటానో జత చేసింది. పని అంతా అక్కడే ఉంది.

తూటా సంగతి చూడండి. 1981 మేలో ఇంజెరిల్లో అనే ముఠా నాయకుడు తూటాలు దిగని కారు తెచ్చుకున్నాడు. హంతకులు ముందుగా పలెర్మోలో ఒక నగల దుకాణం అద్దం మీద కలాష్నికోవ్‌తో కాల్చి పరీక్షించుకున్నారు. ఆ అద్దంలో దిగిన తూటాల మీది గీతలు, అంతకు కొన్ని వారాల ముందు బొంతాతే అనే మరో ముఠా నాయకుడి హత్యలో దొరికినవి, ఆ తర్వాత ఇంజెరిల్లో హత్యలో దొరికినవి ఒకే తుపాకీవని తేలింది. ఈ హత్యలన్నిటి వెనకా ఒకే ముఠా ఉందని బుషెట్టా చెప్పడం ఒక ఎత్తు. ఆయుధమే ఆ మాట చెప్పడం ఇంకో ఎత్తు.

కాగితం సంగతీ అంతే. ఫాల్కోనే 1980లోనే స్పతోలా అనేవాడి హెరాయిన్ కేసులో పలెర్మో బ్యాంకులన్నిటికీ లేఖలు రాసి, 1975 నుంచి విదేశీ కరెన్సీ మార్పిడి చేసిన రసీదులన్నీ తెప్పించుకున్నాడు. అమెరికాకు హెరాయిన్ వెళితే డాలర్లు తిరిగి రావాలి కదా. చెక్కు రాసిందెవరు, వెనక సంతకం పెట్టిందెవరు, సొమ్ము ఏ ఖాతాలో పడింది అని ఒక్కొక్కటే పట్టుకుంటే, ఒకరినొకరు ఎరగమన్నవాళ్లు ఒకే చెక్కుకు అటూ ఇటూ తేలారు. నిపుణుల సాక్ష్యం ఎంత విలువైనదో ముఠాకూ తెలుసు. వేలిముద్రల నివేదిక మార్చనన్నందుకు ఫోరెన్సిక్ వైద్యుడు పావొలో జక్కోనేను 1982 ఆగస్టు 11న కాల్చి చంపారు.

ఇంత చేసినా కేసు గడియారం దగ్గర పోయేదే. విచారణ ఖైదుకు గరిష్ఠ గడువు ఉంది. అది దాటితే ముద్దాయిలు బయటికి నడుస్తారు. డిఫెన్సు లాయర్లు రికార్డులోని కాగితాలన్నీ కోర్టులో పైకి చదవాలని పట్టుబట్టారు. ఒక్క అభియోగ ఉత్తర్వే 8 వేల పేజీల పైచిలుకు! చట్టప్రకారం అడగదగిన కోరికే గనుక కాదనడానికి లేదు. చివరికి పార్లమెంటు 1987 ఫిబ్రవరిలో ప్రత్యేక చట్టం చేసి, అలాంటి పెద్ద విచారణల్లో కోర్టు నడిచిన రోజులను ఖైదు గడువు లెక్క నుంచి తీసేసింది. ధర్మాసనానికీ ముందే జాగ్రత్తపడ్డారు. జడ్జి అల్ఫోన్సో జోర్దానో, పక్కన పియేత్రో గ్రాస్సో, వాళ్లతో కూర్చునే పౌర న్యాయసభ్యులు. ఎవరైనా జబ్బుపడినా భయపడి తప్పుకున్నా విచారణ మొదటికి రాకుండా అదనపు సభ్యులు రోజూ కూర్చుని వినేవారు. 349 రోజులు కోర్టు నడిచింది. తీర్పు తేల్చడానికి లోపలికి వెళ్లినవాళ్లు 35 రోజులు బయటి ముఖం చూడలేదు.

1990లో అప్పీలు కోర్టు యావజ్జీవాలను 12కు తగ్గించింది. హత్యలకు ముఠా పెద్దల మండలి మొత్తం బాధ్యత వహించాలన్న వాదనను చాలావరకు పక్కనపెట్టింది. 1992 జనవరి 30న సుప్రీంకోర్టు ఆ వాదనను మళ్లీ నిలబెట్టింది. దానికి మాఫియా జవాబు ఆ మే 23న పలెర్మో సమీపంలోని కపాచీ దగ్గర రోడ్డు కింద పేలింది. ఫాల్కోనే, ఆయన భార్య, ముగ్గురు అంగరక్షకులు చనిపోయారు. జులై 19న బొర్సెల్లీనో వంతు వచ్చింది.

ఇక మన సంగతి. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వ్యవస్థీకృత నేరాల నియంత్రణకు చట్టం తెచ్చుకుంది. దాని ఆయుష్షు మూడేళ్లే. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో వ్యవస్థీకృత నేరాలకు 111 సెక్షన్ ఉంది. శిక్షలు గట్టివే. కానీ గడచిన పదేళ్లలో ఒకటి కంటే ఎక్కువ చార్జిషీట్లు దాఖలై, కోర్టు వాటిని కాగ్నిజెన్సులోకి తీసుకుని (విచారణకు స్వీకరించి) ఉంటేనే ‘కొనసాగుతున్న చట్టవిరుద్ధ కార్యకలాపం’ అవుతుంది. బెయిలు పిటిషన్ దగ్గర డిఫెన్సు అడిగే మొదటి ప్రశ్న ఇదే. పాత ఎఫ్‌ఐఆర్ నంబర్ల జాబితా జతచేస్తే చాలదు. చార్జిషీటు, కాగ్నిజెన్సు ఉత్తర్వుల సర్టిఫైడ్ నకళ్లు కావాలి. అవి ఇతర జిల్లాల కోర్టుల నుంచి రావడానికే నెలలు పడుతుంది.

మహారాష్ట్ర వ్యవస్థీకృత నేరాల చట్టం మకోకాలో చార్జిషీటుకు 180 రోజుల వరకు గడువు పొడిగించుకోవచ్చు. 111 కింద ఆ వెసులుబాటు లేదు. 90 రోజుల్లో వెయ్యకపోతే డిఫాల్ట్ బెయిలు హక్కుగా వస్తుంది. ఎస్పీ స్థాయి అధికారి ముందు ఇచ్చిన వాంగ్మూలం మకోకా కింద సాక్ష్యంగా చెల్లుతుంది, మనకు చెల్లదు. చెల్లకపోవడమే మేలని నా అభిప్రాయం. అలాంటప్పుడు మిగిలే దారి అప్రూవర్. నేర విచారణ పద్ధతిని చెప్పే నాగరిక్ సురక్షా సంహిత 343 సెక్షన్ ప్రకారం క్షమాభిక్ష పొందిన అప్రూవర్, అప్పటికే బెయిలు మీద లేకపోతే విచారణ ముగిసేదాకా జైల్లోనే ఉండాలి. ఎవరి మీద చెప్పబోతున్నాడో వాళ్లున్న జైల్లోనే కావచ్చు! బుషెట్టాను అమెరికా తన రక్షణలో దాచింది.

సాక్షి రక్షణకు సుప్రీంకోర్టు ఆమోదించిన 2018 పథకం ఉంది. జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీకి దరఖాస్తు పెట్టాలి, డీఎస్పీ అయిదు పనిదినాల్లో ముప్పు నివేదిక ఇవ్వాలి. రక్షణ ఒక్కోసారి మూడు నెలలకు మించదు. పొడిగింపు అడగడం ఎవరికీ గుర్తులేకపోతే నాలుగో నెలలో సాక్షి ఒంటరి. క్రాస్ ఎగ్జామినేషన్ ఏ రెండో ఏటో వస్తుంది. అప్పటికి అతను ఎదురు తిరిగితే తప్పు అతనిదేనా?

ఫోన్లు, సీసీ కెమెరాల సాక్ష్యానిదీ ఇదే గోల. సాక్ష్య అధినియమ్ 63 సెక్షన్ కింద సర్టిఫికెట్లో రెండు భాగాలుంటాయి: పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లది ఒకటి, నిపుణుడిది ఒకటి. హ్యాష్ విలువ (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య) రాయాలి. సీజ్ చేసిన రోజే హ్యాష్ తీయకుండా ఫోను తెరిచి చూశారంటే, ఆ తర్వాత తీసిన విలువ మధ్యలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదని రుజువు చేయజాలదు.

కాబట్టి రెండు రాష్ట్రాల హోంశాఖలు, హైకోర్టులు ముందు చూడాల్సింది బోనుల సంఖ్యను కాదు. 111 పెట్టిన ప్రతి కేసులో చార్జిషీటుకు ముందే పబ్లిక్ ప్రాసిక్యూటర్ చేత పాత కేసుల నకళ్లు సరిచూయించండి. బ్యాంకు లావాదేవీలు చదవగల ఒక ఆడిటరును దర్యాప్తు బృందంలో మొదటి వారం నుంచే కూర్చోబెట్టండి. విచారణ మధ్యలో జడ్జి బదిలీ కాకుండా ఉత్తర్వివ్వండి. సాక్షి రక్షణ గడువు తీరే తేదీని వాయిదాల పుస్తకంలోనే రాయించండి.

ఇట్లు,
క్రిమినల్ న్యాయవాది,
గుంటూరు