మిర్చి అక్క వైవా

ఒరేయ్ బావా,

ఆలస్యమైంది, తిట్టుకో. నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటుండగానే ఇంటర్నల్స్ వచ్చి నెత్తిన పడ్డాయి. నువ్వేమో గ్రూప్స్ తేలేదాకా డబ్బా ఫోనే అని భీష్మించుక్కూర్చున్నావు. లేకపోతే ఇదంతా వాయిస్ మెసేజీలో అరిచి చెప్పేవాణ్ణి.

మిగతా కబుర్లు గబగబా కానిచ్చేస్తా. మెస్ బిల్లు పెరిగింది, సాంబారు పల్చబడింది. ఎకనోమెట్రిక్స్ గండం గట్టెక్కింది. నెయ్యి సార్ నిన్ను అడిగారు, "మూడో ఫ్యాన్ కుర్రాడు ఎక్కడున్నాడోయ్" అని. సీతాఫలం సంగతి ఇప్పటికీ ఎవరికీ తెలీదు, నిశ్చింతగా చదువుకో.

ఇక అసలు సంగతి. మిర్చి అక్క వైవా అయిపోయింది!

నువ్వున్నప్పుడు థీసిస్ ఇచ్చేముందు చేసే ప్రీ-టాక్ కూడా కాలేదు కదా. ఆవిడ సంచి తెరిస్తే రీడింగ్ రూమంతా తుమ్ములే, గుర్తుందా? పెళ్ళి, పాప, 240 రోజుల ప్రసూతి సెలవు, ఆడవాళ్ళకిచ్చే రెండేళ్ళ అదనపు గడువు, అన్నీ అయ్యాక ఇదిగో ఇప్పటికి థీసిస్ బయటికొచ్చింది. కాపీ చెకింగులో పది శాతం దాటకూడదు కదా, దానికోసం రాత్రుళ్ళు కూర్చుని వాక్యాలు తిరగరాసుకుంది పాపం. రైతు పొలం నుంచి యార్డుకి, యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీకి, అక్కణ్ణుంచి కారం మిల్లుకీ ఎగుమతికీ మిర్చి ఎలా పోతుంది, కొనేవాడు పెట్టే రూపాయిలో రైతుకి ఎంత చేరుతుంది, ఇదీ ఆవిడ టాపిక్.

పీహెచ్‌డీ వైవా బహిరంగంగా జరగాలని యూజీసీ రూలు. అధ్యాపకులు, స్కాలర్లు, విద్యార్థులు రావచ్చు, అడగొచ్చు. జరిగేది మాత్రం నీకు తెలుసుగా, ముందురోజే చీటీలు పంచేస్తారు. అక్క కూడా మొహమాటపడుతూనే జూనియర్లందరికీ తలా ఒకటి ఇచ్చింది. "తమ్ముడూ, గట్టిగా చదువు, నసగొద్దు" అని నాకు ప్రత్యేకంగా చెప్పింది. నాకొచ్చిన ప్రశ్న: 2016లో వచ్చిన ఈ-నామ్ (పంటలమ్మే ఆన్‌లైన్ మార్కెట్టు) వల్ల యార్డులో ధరల పారదర్శకత పెరిగిందా మేడం? ఆ "మేడం" కూడా చీటీలోనే రాసుంది!

సెమినార్ హాలు నిండింది. ముందు వరసలో అక్కా వాళ్ళాయన, ఆయన ఒళ్ళో పాప, పక్కన అత్తగారు పట్టుచీరలో. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక పెద్దాయన, తెల్లమీసాలు, మనిషి హాల్లో ఉన్నాడు గానీ చూపంతా ఫోన్లోనే ఉంది. అక్క పీపీటీ మొదలెట్టింది. తేజ, 334, బాడిగ లాంటి మిర్చి రకాలు, టిక్కీలు (మిర్చి బస్తాలు), కమీషను, హమాలీ, గోనె సంచి, లారీ కిరాయి... గొంతు వణుకుతోంది, స్లైడు చూసి చదివేస్తోంది. ఇంత తిరిగిన మనిషి ఇలా అప్పజెబుతోందేంటి అని నాకే బాధేసింది. చివర్లో రూపాయి బొమ్మని ముక్కలు చేసిన చార్టు వచ్చింది. రైతు వాటా ఇంత, కమీషన్ ఇంత, రవాణా ఇంత, అద్దె ఇంత, వ్యాపారి ఖర్చూ లాభం ఇంత.

ప్రశ్నలు మొదలయ్యాయి. మొదటివాడు చీటీ చదివాడు, అక్క జవాబు చదివింది. రెండోవాడూ అంతే. మూడోది ఆ కామర్స్ పిల్ల (అవును, ఆ పిల్లే, నవ్వకు) లేచి నింపాదిగా, "2016లో వచ్చిన ఈ-నామ్ వల్ల..." అంది!

నా ప్రశ్నరా! అక్క కంగారులో ఒకే ప్రశ్న ఇద్దరికి ఇచ్చేసింది. చేతిలో చీటీ చెమటకి మెత్తబడిపోయింది. మెల్లగా జారుకుందామా అనుకుంటుంటే ఛైర్మన్ గారు సరాసరి నన్నే చూసి, "ఆ చివర బాబు ఏదో అడగాలనుకుంటున్నట్టున్నాడు" అన్నారు. లేచాను. నోట్లో తడి లేదు. ఎదురుగా ఆ రూపాయి ముక్కలు. ఏం తోచిందో ఏమో, "అక్కా, తొడిమలు తీసేవాళ్ళ కూలి ఇందులో ఏ ముక్కలో ఉంది?" అనేశాను. మేడం కాదు, అక్కా అనే అన్నాను. హాలంతా గొల్లుమంది.

నీకు తెలుసుగా, మా పిన్ని ఆ పనికి వెళ్ళేది. కిలోకి ఇంతని కూలి. సాయంత్రం వచ్చాక ఎంత కడుక్కున్నా వేళ్ళ మంట పోయేది కాదు. కొబ్బరినూనె రాసుకుని, పిల్లాడు ఏడిస్తే వేళ్ళు తగలకుండా మోచేతుల మీదకి ఎత్తుకునేది. వాడు ఆవిడ చెయ్యి పట్టుకుని కళ్ళు నులుముకున్నాడో, ఇక ఆ రాత్రి ఇల్లంతా జాగారమే. అదే మనసులో మెదిలింది, అంతే.

అక్క ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు. అయిపోయింది, వైవా చెడగొట్టాను అనుకున్నా. ఆవిడ రిమోట్ బల్ల మీద పెట్టేసి కుర్చీ పక్కకి జరిపి ముందుకొచ్చింది. "ఇది విడిగా ఏ ముక్కలోనూ లేదు, వ్యాపారి ఖర్చులో కలిసిపోయింది. ఎందుకో చెప్తాను" అంది. ఇక చూస్కో! యార్డు రికార్డులో టిక్కీలుంటాయి, తూకాలుంటాయి, హమాలీ ఉంటుంది. తొడిమలు తీసేది యార్డు దాటాక. మేస్త్రీ తీసుకొచ్చే గుంపులు, కొన్నిచోట్ల ఇళ్ళకే వెళ్ళే బస్తాలు. కిలోల లెక్క మేస్త్రీ పుస్తకంలో ఉంటుంది, మనుషుల పేర్లు ఎక్కడా ఉండవు. తొడిమ తీసిన కాయకి ధర వేరు, తొడిమతో పాటు బరువు కూడా తగ్గుతుంది, ఆ తరుగు ఎవరి మీద పడుతుంది... కాగితం లేదు, పీపీటీ లేదు, గొంతులో వణుకు లేదు. ఒక సీజనంతా వాళ్ళ మధ్య కూర్చుని తనూ తొడిమలు తీసిందట! ఆ రాతంతా థీసిస్ చివర అనుబంధంలో ఉంది. అక్కడిదాకా ఎవరూ తిప్పలేదు.

మీసాలాయన ఫోను జేబులో పెట్టేశాడు. థీసిస్ తిరగేసి ఆ పేజీలు పట్టుకున్నాడు. ఆ తర్వాత ప్రశ్నలన్నీ ఆయనవే! కోతకొచ్చేవాళ్ళూ వీళ్ళూ ఒకటేనా, సీజను అయ్యాక ఏం చేస్తారు, ధర పడిపోయిన ఏడాది వీళ్ళ కూలి కూడా పడిందా అని. అక్క ఒక్కోదానికి జవాబు చెప్తుంటే పాప "అమ్మా" అని అరిచింది, అత్తగారు దాని నోరు మూసి తను మాత్రం కళ్ళార్పకుండా చూస్తోంది. ఆవిడకి ఈ చదువు నచ్చదని మనం అనుకునేవాళ్ళం కదా... ఏమో. డిగ్రీ ఇవ్వచ్చని సిఫార్సు చదివినప్పుడు చప్పట్లు మొదలెట్టింది ఆవిడే.

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడట్లేదు. నా చీటీ నాకే మిగిలుంటే ఆ అనుబంధం థీసిస్‌లు దాచే ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలోకెక్కి అక్కడే నిద్రపోయేది కదా! వచ్చే ఏడు నేను పరిశోధనలో చేరితే, ఇప్పుడైతే ఇంకా ఏమీ అనుకోలేదు, అమ్మకి చెప్పకు, అనుబంధాన్ని మొదటి అధ్యాయంగా పెట్టనిస్తారా అని నెయ్యి సార్‌ని అడగాలి. ఆయన ఏమంటారో నీకు తెలుసు. "ముందు నెట్ పరీక్ష కొట్టు" అంటారు.

భోజనాల దగ్గర ఆ మీసాలాయన నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు రా. మీ పిన్ని ఏ ఊరు, ఇప్పుడేం చేస్తోంది అని అడిగి, ఒక మాటన్నాడు. అది రాయాలంటే ఇంకో పేజీ కావాలి. లడ్డూ గాడు బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడి బస్సు పోతుందని గోల పెడుతున్నాడు, ఈ ఉత్తరం, గోంగూర సీసా వాడి చేతికే ఇస్తున్నా. సీసా నిలువుగా పెట్టమని చెప్పాను, వింటాడని నమ్మకం లేదు. ఆ మాటేంటో వచ్చే ఉత్తరంలో రా

సరే, లాక్కెళ్ళిపోతున్నాడు. ఉంటా.

నీ బావ