విడుదల కాగితంతో పాటు మందుల చీటీ కూడా ఇప్పించండి: హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర హోం మంత్రి గారికి నమస్కారం.

కడప కేంద్ర కారాగారం నుంచి విడుదలయ్యే మనిషికి మందుల చీటీ, నెల రోజులకు సరిపడా మందులు, ఇల్లు లేకపోతే తలదాచుకోవడానికి ఒక చోటు అందేలా ఉత్తర్వు ఇవ్వమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

నేను కడపలో బస్టాండుకు దగ్గరగా మందుల దుకాణం నడుపుతాను. జైలు నుంచి వచ్చినవాళ్లు ప్లాస్టిక్ సంచితో నా దగ్గర ఆగుతుంటారు. "అన్నా, ఫిట్స్ రాకుండా లోపల ఒక తెల్ల మాత్ర ఇచ్చేవాళ్లు, అది ఇవ్వు" అంటారు. తెల్ల మాత్రలు నా దుకాణంలో వందల రకాలున్నాయి. పేరు తెలిసినా, డాక్టరు చీటీ లేకుండా నేను ఇవ్వకూడదు. మూర్ఛ మందు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ మళ్లీ రావచ్చు, మునుపటికంటే తీవ్రంగా కూడా రావచ్చు. మానసిక వ్యాధులకు ఇచ్చే మందుల సంగతీ దాదాపు అంతే. పెద్దాసుపత్రికి వెళ్లమని చెప్పి పంపుతాను. ఎంతమంది వెళ్తారో దేవుడికెరుక.

క్షయ మరీ చిక్కు. మామూలు క్షయకే కనీసం 6 నెలలు మందు వాడాలి. మూడో నెలలో బెయిలు వచ్చిన మనిషి కూలికి బెంగళూరు వెళ్లిపోతే, కాగితాలు జైలు ఆసుపత్రిలోనే ఉండిపోతాయి. మధ్యలో ఆగిన క్షయ మందుకు లొంగని క్షయగా మారవచ్చు. అది అతని పక్కన పడుకున్నవాళ్లకూ అంటుకుంటుంది. క్షయ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లో రోగిని ఒక ఊరి నుంచి మరో ఊరికి బదిలీ చేసే వీలుంది. విడుదల రోజున ఆ పని ఎవరు చేయాలో స్పష్టంగా రాసిపెట్టాలి.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి వచ్చినవాళ్లపై జరిగిన ఒక అధ్యయనం 2007లో వెలువడింది. విడుదలైన తొలి రెండు వారాల్లో మరణించే ముప్పు బయటి జనంతో పోలిస్తే 12.7 రెట్లు ఉందని అందులో తేలింది. అక్కడ ముఖ్య కారణం మాదకద్రవ్యాలు. కాబట్టి ఆ అంకెను తెచ్చి మన జిల్లాకు అతికించను. కానీ తొలి రెండు వారాలు ప్రమాదకరమైనవని నమ్మడానికి నా దుకాణం ముందు నిలబడితే చాలు.

ఇక ఇంటి సంగతి. ఇల్లుండీ వెళ్లలేనివాళ్లు మా సీమలో ఎక్కువ. హత్య కేసులో శిక్ష పడినవాడు ఊరికి వెళ్తే ఎదుటి వర్గం ఊరుకోదని భయం. కొందరికైతే ఊళ్లో అడుగు పెట్టవద్దని బెయిలు షరతే ఉంటుంది. అన్నదమ్ములు పొలం పంచుకుని ఉంటారు. ఆడవాళ్లకు అత్తవారింటి తలుపూ తెరుచుకోదు, పుట్టింటి తలుపూ తెరుచుకోదు. అలాంటివాళ్లు బస్టాండులోనో, రైల్వే స్టేషన్లోనో, పెద్ద దర్గా దగ్గరో పడుకుంటారు. వార్డు సచివాలయానికి వెళ్తే ఆధార్‌కు జతచేసిన ఫోన్ నంబరుకు ఓటీపీ వస్తుందంటారు. నెలల తరబడి రీచార్జి లేని నంబరు ఎప్పుడో మరొకరికి పోయింది, ఓటీపీ ఆ మరొకరికి వెళ్తుంది! బియ్యం కార్డులో పేరు ఉందో లేదో తెలియదు. అది లేనిదే వైద్యసేవ పథకం అందడం కష్టం.

2023లో కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం తెచ్చింది. పూచీకత్తు కట్టలేని విచారణ ఖైదీకి రూ.40,000 వరకు ప్రభుత్వమే ఇస్తుందని అప్పట్లో చెప్పింది. మంచిదే. బయటికి తేవడానికి అంత ఖర్చు పెట్టే ప్రభుత్వం ఆ రాత్రి పడకకు ఎందుకు వెనకాడుతుంది? అనంతపురం దగ్గర రెడ్డిపల్లి ఆరుబయలు జైల్లో ఖైదీలు పొలం పని చేస్తారు. గోడలు లేకపోయినా పారిపోరని మీ శాఖే వాళ్లను నమ్మింది. ఆ నమ్మకం శిక్ష ముగిసిన రోజుతో ఎందుకు ఆగిపోవాలి?

చాలామంది ఎప్పుడు విడుదలవుతారో ముందే తెలియదని మీ అధికారులు అభ్యంతరం చెబుతారు. అది నిజమే. శిక్ష పడినవాడి విడుదల తేదీ ముందే తెలుస్తుంది, ఏర్పాట్లు చేయవచ్చు. కానీ జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం విచారణ ఖైదీలే. వాళ్ల బెయిలు ఉత్తర్వు ఏ సాయంత్రమో వస్తుంది, ఆ రాత్రే గేటు తెరవాలి. అందుకే చీటీ చివరి రోజు రాసేది కాకూడదు. జైల్లో అడుగుపెట్టిన రోజే డాక్టరు దాన్ని మొదలుపెట్టి, మందు మారినప్పుడల్లా సరిచేయాలి. మందుల పొట్లం వార్డులో సిద్ధంగా ఉండాలి. నగరంలోని నిరాశ్రయుల వసతి గృహంలో కొన్ని పడకలు వీళ్లకు కేటాయించాలి, ఆడవాళ్లకు వేరుగా. జిల్లా న్యాయసేవాధికార సంస్థ వాలంటీరు గేటు దగ్గర కలిసి, వారం లోపు ఆధార్‌లో ఫోన్ నంబరు మార్పించి, బియ్యం కార్డు సంగతి చూడాలి.

ఇందులో వైద్యారోగ్య శాఖ, పురపాలక శాఖ సంతకాలు కూడా కావాలి. మీరు ముగ్గురూ ఒకే మంత్రివర్గంలో కూర్చుంటారు కాబట్టి ఆ సంతకాలు కష్టం కాకూడదు. మొదట కడపలో ఆరు నెలలు అమలు చేసి చూడండి. ఎవరికి మందు అందింది, ఎవరికి ఆగింది అన్న లెక్కను మాకూ తెలపండి.

ఇట్లు,
ఒక మందుల దుకాణదారు,
కడప