'సా' అంటే 'చూశాను' ఒక్కటేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

గురువారం పిల్లల కోసం మీరు వేసిన ఇంగ్లీషు మాటల పట్టికలో 'సా' ఎదురుగా 'చూశాను, చూశాడు' అని రాసి ఊరుకున్నారు. నలభై ఏళ్లు రంపం పట్టిన చెయ్యి నాది. మా మనవరాలు "తాతయ్యా, నీ రంపాన్ని ఇంగ్లీషులో ఏమంటారు?" అని అడిగితే, అదీ 'సా'యే అన్నాను. పేపర్లో లేదుగా అంది. పేపరు ముందు తాత మాట ఏం చెల్లుతుంది!

స్పెల్లింగ్ ఒకటే, పలకడం ఒకటే, పుట్టుకలు వేరు. మీరు రాసింది 'సీ'కి భూతకాలం. రంపం 'సా' కోతకు సంబంధించిన లాటిన్ మాటకు దూరపు చుట్టం. సెక్షన్, సెక్టార్ ఆ లాటిన్ ఇంటివే. సామెత అనే అర్థంలో మూడో 'సా' కూడా ఉంది, అది 'సే' వైపు బంధువు. మన సామెతలోనూ 'సా' ఉండటం ఉత్త కాకతాళీయం.

నోటితో చెబితే పిల్లకు ఎక్కలేదు. రంపం తీసి పళ్లను అంచు మీద నుంచి చూడమన్నాను. ఒక పన్ను ఎడమకు, పక్కది కుడికి ఒరిగి ఉంటాయి. అలా వంచకపోతే కోసిన గాడి రేకు మందమే ఉంటుంది, నాలుగు ఊపులకే రంపం చెక్కలో బిగుసుకుపోతుంది. ఆ గాడిలోంచి రాలే పొట్టే సాడస్ట్. పెద్ద దుంగకు చెరో పక్క నిలబడి ఒకరు లాగితే ఒకరు వదిలే ఊపులోంచే పిల్లలు ఎక్కే 'సీసా' పేరు వచ్చిందంటారు. మన గాజు సీసా కాదండోయ్.

జిగ్‌సా పజిల్‌లోనూ ఉన్నది రంపమే. ఆ పేరు తర్వాత వచ్చింది కానీ, 1760ల్లోనే లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే ఆయన చెక్కకు మ్యాపు అంటించి, సరిహద్దుల వెంట కోసి, పిల్లలకు భూగోళం నేర్పే ఆటగా అమ్మాడు.

మనం వేధించడాన్ని రంపాన పెట్టడం అంటాం. అమెరికాలో గురక పెట్టేవాణ్ని దుంగలు కోస్తున్నాడంటారు. మా ఇంట్లో ఈ రెండు పేర్లూ నాకే ఉన్నాయి.

వచ్చే గురువారం ఆ పట్టికలో 'రంపం' అని ఒక్క మాట చేర్చండి. మా పిల్ల అప్పటిదాకా ఆగలేదు. మీ పేపరు అంచునే పెన్సిల్‌తో 'ఐ సా ఏ సా' అని రాసి పెట్టుకుంది.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, ఒక వడ్రంగి