బొంగరానికి ఉత్తరం: ఫియట్ దగ్గింది

విజయనగరం,
సిరిమాను మర్నాడు, బుధవారం పొద్దున్న

ఒరేయ్ బొంగరం,

నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాయలేదు. మొదటిది ఉగాదికి వచ్చింది, రెండోది వానకు తడిసి వచ్చింది. తిట్టదలుచుకున్నవన్నీ తిట్టేసి ఆ తర్వాతే కింది పంక్తి చదువు. తిట్టావా? సరే.

ఫియట్ స్టార్టయింది!

అవును, అదే. కళింగపట్నంలో మామయ్య కొబ్బరిచెట్ల కింద కూలబడి ఉండేదే. నువ్వు చూసి "ఇది కారు కాదురా, కారు ఆకారంలో పేరుకున్న తుప్పు" అన్నావు చూడు, అదే. ఫోనులో చెప్పొచ్చు గాని నువ్వు మధ్యలో నవ్వి పాడుచేస్తావు. పైగా ఇది మొదటినుంచీ చెప్పవలసిన సంగతి.

ముందు ఇంటి కబుర్లు ఒక్క గుక్కలో. అమ్మ మోకాలు అలాగే ఉంది. పెద్దవాడికి విశాఖపట్నంలో సీటు వచ్చింది, హాస్టలు కూర మీద రోజూ ఒక ఫిర్యాదు. చిన్నది వీణ మానేసి బ్యాడ్మింటన్ అంటోంది. నా బదిలీ ఆగింది. నిన్న పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను చూశాం, ఇసుక వేస్తే రాలని జనం. మా ఆవిడ నీ మీద కోపంగా లేదు, నా మీదే. ఎందుకో తెలుస్తుందిలే.

సంక్రాంతి వెళ్లగానే బండిని లారీ మీద వేయించి, నాతవలస దగ్గర పెద్ద రోడ్డు దిగి, ఇంటికి తెచ్చాను. 1968 మోడల్. మన విజయనగరం జిల్లాయే 1979లో పుట్టింది, అంటే ఇది జిల్లాకు పదకొండేళ్ల అక్క. దింపిన రోజు మా వీధివాళ్లంతా వచ్చి, శవం ఇంటికి వచ్చినట్టు చూసి, ఏమీ అనకుండా వెళ్లారు.

తుప్పు సంగతి నీకు ఎలా చెప్పాలి! ఉప్పుగాలి తిన్న బండి పైకి బాగానే కనిపిస్తుంది. ఫ్రిజ్ తలుపుకు అతికించే అయస్కాంతం ఒకటి పట్టుకుని బండి చుట్టూ తిరిగాను. రేకు ఉన్నచోట టక్కున అతుక్కుంటుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. ఎడమవైపు వెనక చక్రం పైన పెట్టాను. పడింది. జరిపాను. మళ్లీ పడింది. జానెడు మేర ఎక్కడా నిలవలేదు. ఉలితో గీకితే వేలెడు మందాన పుట్టీ, దాని వెనక ఆసరాకు కుక్కిన దినపత్రిక. సినిమా పేజీ. హీరో ఎవరో తెలియలేదు, మీసం ఒక్కటే మిగిలింది.

డ్రైవరు కాళ్లు పెట్టుకునే చోటైతే స్క్రూడ్రైవరు ఆనించానో లేదో కిందికి దిగిపోయి మా పెరటి గులకరాళ్లు కనబడ్డాయి. ఆ నేలంతా కోసి పారేశాను. ఎడమవైపు 18 గేజి రేకు కొత్తది వెల్డింగ్ చేయించి రెడ్ ఆక్సైడ్ కొట్టాను. కుడివైపు మొదలుపెట్టేలోగా వెల్డింగ్ అతను దసరాకు ఊరెళ్లిపోయాడు. తాత్కాలికంగా అడ్డంగా రెండు చెక్కలు పరిచాను. ఈ చెక్కల్ని గుర్తుపెట్టుకో.

చిన్న సామాన్లకు మాత్రం భలే ఉపాయం పట్టాను. మా ఆవిడ నీళ్లు పట్టుకునే నీలం డ్రమ్ములో బట్టల సోడా కలిపి, తుప్పు పట్టిన ముక్కను అందులో వేలాడదీసి, బ్యాటరీ చార్జరు మైనసు తీగ దానికీ, ప్లస్సు తీగ ఒక పాత ఇనుప చువ్వకూ తగిలించడం. రెండూ ఒకదానికొకటి తాకకూడదు. రాత్రంతా సన్నగా బుడగలు వస్తాయి. అది హైడ్రోజన్, అందుకని గదిలో కాకుండా వసారాలో పెట్టాను. తెల్లారేసరికి తుప్పు నల్లటి మడ్డిగా మారి బ్రష్షుకు ఊడి వచ్చేస్తుంది. చువ్వ బదులు స్టీలు గిన్నె పెడదామనుకున్నాను గాని, స్టెయిన్‌లెస్ స్టీలు అలా వాడితే నీళ్లు విషమవుతాయని చదివి ఆగిపోయాను. గిన్నె సంగతి మా ఆవిడకు చెప్పకు, డ్రమ్ము సంగతి ఎలాగూ తెలిసిపోయింది. మొట్టమొదట బాగుచేసింది ఎడమ తలుపు గడియ. ఎంత మురిసిపోయాననుకున్నావు! తలుపు వేలితో తోస్తే చాలు, ఒక్కసారికే పడుతుంది.

ఇక ఇంజను. 1089 సీసీ. నాలుగు పిస్టన్లూ సిలిండర్లకు అతుక్కుపోయి రాయిలా బిగుసుకుంది. ప్లగ్గులు విప్పి నాలుగు రంధ్రాల్లో డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి పన్నెండు రోజులు ఊరబెట్టాను, ఆవకాయలా. తర్వాత నాలుగో గేరులో వేసి, నేనూ పెద్దవాడూ బండిని ముందుకూ వెనక్కూ ఊపాం. మూడు ఆదివారాలు ఊపాం. నాలుగో ఆదివారం లోపల 'కట్' మంది. విరిగిందనుకుని గుండె జారిపోయింది. విరగలేదు, కదిలింది.

కదిలింది గాని కాలలేదు. కొత్త ప్లగ్గులు, కొత్త కాయిల్, కొత్త కండెన్సర్, కార్బురేటర్ మూడుసార్లు విప్పి కడగడం, అన్నీ అయ్యాయి. 1-3-4-2 అని సిలిండర్లు కాలే వరస నిద్రలో అప్పజెప్పేవాణ్ణట. ఒక మెకానిక్కు వచ్చి చూసి, "ఈ ఇంజను పీకేసి వేరేది పెట్టించేయండి సార్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు అసలు రూపు చెడకుండా ఉంచిన బండికే వర్తిస్తాయి. అయినా నిబంధనల మాట అటుంచు, ఇంజను మార్చేశాక అది మామయ్య బండి ఎలా అవుతుంది?

అలా సోమవారం వచ్చింది. సిరిమానుకు ముందురోజు, తొలేళ్లు. ఇంటినిండా చుట్టాలు. అక్క వచ్చింది, మామయ్యను కళింగపట్నం నుంచి బావ తీసుకొచ్చాడు. ఎనభై రెండేళ్లిప్పుడు, చెవులు సరిగ్గా వినబడవు. కాఫీ అయినా తాగకుండా పెరట్లోకి నడిచి, బానెట్ ఊడదీసిన బండి ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నేను తొమ్మిది నెలల కష్టం ఏకరువు పెట్టాను. అంతా విని, లేదా వినకుండా, అడిగాడు:

"అగ్గిపెట్టె ఉందా?"

పెట్రోలు బండి దగ్గర అగ్గిపెట్టె ఏమిటని బావ కంగారుపడ్డాడు. మామయ్య పుల్లలన్నీ నా చేతిలో పోసి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పించి, అగ్గిపెట్టె పక్కన గరుకుగా ఉండే పట్టీని చింపి, లోపల కలుస్తూ విడిపోతూ ఉండే రెండు చిన్న లోహపు పాయింట్ల మధ్య పెట్టి రుద్దడం మొదలుపెట్టాడు. చేతులు వణుకుతున్నాయిరా, కాని పట్టీ పాయింట్ల మధ్యకు వెళ్లగానే వణుకు ఆగిపోయింది. ఇటు నాలుగుసార్లు, అటు నాలుగుసార్లు. పట్టీ మీద నల్లటి గీత పడింది. ఆ నలుపే, బొంగరం, ఆ నలుపే తొమ్మిది నెలలు నన్ను ఏడిపించింది! అవి మెరుస్తున్నాయి కదా అని నేను ముట్టుకోలేదు. మెరుపు మీద కంటికి కనబడని పొర పేరుకుంటే కరెంటు దాటదట. తర్వాత బెల్టు కప్పీని చేత్తో తిప్పించి, పాయింట్లు పూర్తిగా విడిపడ్డప్పుడు అదే పెట్టె అట్ట ముక్కను మధ్యలో దూర్చి, ఒరుసుకుంటూ వచ్చేలా స్క్రూ బిగించాడు. "కొలత ఇదే" అన్నాడు. నేను ఆ సందు కొలిచే పుల్లల కట్ట కోసం ఎంత ఖర్చు పెట్టానో చెప్పలేదు.

పెట్రోలు ట్యాంకు ఇంకా తుప్పులోనే ఉంది. అందుకని సెలైన్ సీసాలో పెట్రోలు పోసి, గొట్టం కార్బురేటరుకు తగిలించి, సీసాను నేను ఎత్తి పట్టుకున్నాను. మామయ్య డ్రైవరు సీటులో కూర్చున్నాడు, కాళ్లు చెక్కల మీద. తాళం తిప్పాడు. ఒకటి. రెండు. మూడోసారి దగ్గింది. నాలుగోసారి ఢామ్మని పేలి, సైలెన్సరులోంచి తుప్పు పెచ్చులూ, కొబ్బరి పీచూ, ఏ ఎలుకో తరతరాలుగా దాచుకున్న వేరుశనగ తొక్కలూ ఒక్కసారిగా వెనక్కి చిమ్మాయి. వెనకే తీగ మీద సిరిమానుకు కట్టుకోవాలని అక్క ఆరేసిన పట్టుచీర! అక్క అరుపు ఇంజను చప్పుడులో కలిసిపోయింది. ఎందుకంటే ఇంజను ఆగలేదు! తెల్లటి పొగలో వేపచెట్టు మాయమైంది. నేను ఏడ్చానా? పొగరా, పొగ.

అక్కడితో ఆగితే బాగుండేది. మామయ్య స్టీరింగు పక్కనున్న గేరు కర్రను అలవాటుగా లాగి మొదటి గేరులో వేసేశాడు. క్లచ్చు వదులుతుందని నాకు నమ్మకం లేదు, ఆయనకు ఉంది. బండి కదిలింది. బ్రేకుల సిలిండర్లు విప్పి అటక మీద పెట్టానని అరిచాను. సీసా వదిలితే పెట్రోలు ఒలుకుతుంది, పట్టుకుంటే ఆయన్ను ఆపలేను. కాబట్టి స్ట్రెచరు పక్కన పరిగెత్తే నర్సులా సీసా ఎత్తి పట్టుకుని పరిగెత్తాను. గేటు దగ్గర మా ఆవిడ పండగ ముగ్గుకు ఆఖరి చుక్క పెడుతోంది. తలెత్తి చూసి, ముగ్గు గిన్నె సహా గోడ వైపు గెంతింది. మామయ్య బ్రేకు తొక్కాడు. పెడలు చెక్కదాకా పోయింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు, తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. గేరులోనే ఉంది కదా, రెండు కుదుపులు కుదిపి ముగ్గు మధ్యలో ఆగింది. గేటుకు బెత్తెడు దూరం.

"బ్రేకుల్లేవని ముందే చెప్పకూడదుట్రా?"

"చెప్పాను మామయ్యా."

"గట్టిగా చెప్పాలి."

అందరూ నవ్వారు, మా ఆవిడ తప్ప. ఆ తర్వాత ఒక సంగతి జరిగింది. నేను తప్ప ఎవరూ చూడలేదనుకుంటాను. మామయ్య దిగి, బండి చుట్టూ తిరిగి, ఎడమవైపుకు వెళ్లాడు. అత్తయ్య కూర్చునే వైపు. నీకు గుర్తుందా, ఆ తలుపు రెండుసార్లు వేస్తేగాని పడేది కాదు, ఆవిడ ఎక్కినప్పుడల్లా ఆయన దిగి వచ్చి వేసేవాడు. మొన్న తీసి వేశాడు. ఒక్కసారికే పడింది, నేను బాగుచేశాను కదా. కాసేపు దాని మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. మళ్లీ తీశాడు. మళ్లీ వేశాడు.

నాకు ఆ గడియ... సరే, నువ్వు వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

ఇదిగో, మా ఆఫీసు మిత్రుడి కొడుకు ఖరగ్‌పూర్ రైలుకు బయలుదేరాడు, గేటు దగ్గర ఆటో ఆపి హారను కొట్టిస్తున్నాడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. నువ్వు కలకత్తా వెళ్లినప్పుడు మల్లిక్ బజారులో పాత సామాన్లు వెతికి పెట్టాలి: ముందు చక్రాల బ్రేకు సిలిండర్లు, ఎడమ హెడ్‌లైటు చుట్టూ ఉండే రింగు. బేరం నువ్వే ఆడు, పెద్ద చెరువు గట్టు మీద సైకిలు కొన్నప్పటిలా నన్ను ఆడనివ్వకు. కొలతలు వెనకవైపు రాశాను. అక్క చీర సంగతి ఇంకా తేలలేదు, మా ఆవిడ కొత్త డ్రమ్ము కూడా అడుగుతోంది, పైగా నిన్న మామయ్య వెళ్తూ వెళ్తూ తాళం నాకు ఇవ్వకుండా జేబులో

హారను మళ్లీ కొట్టాడు. వస్తున్నా.

నీ కందిరీగ