కడుపునొప్పి అని రాసిన పుస్తకం

సంపాదకులకు నమస్కారం.

నగరం నడిబొడ్డున ఉన్న ఒక మగపిల్లల బడిలో పంతొమ్మిదేళ్లు నర్సుగా పనిచేసి కిందటి ఏప్రిల్‌లో రిటైరయ్యాను. పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు మీ పత్రిక తెరిస్తే పేజీ నిండా టై కట్టుకున్న పిల్లల ఫోటోలు, ఒక్కో ఫోటో కింద ఎర్రటి అంకెల్లో మార్కులు. ప్రకటనలు లేనిదే పత్రిక నడవదని నాకూ తెలుసు, అందుకని మిమ్మల్ని తప్పు పట్టను. కొంచెం పడతాను. ఆ పేజీలో మా బడి పిల్లలు ఆరుగురున్నారు. వారిలో ఇద్దరు నా సిక్ రూమ్ మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నవాళ్లే. ఎప్పుడు పడుకున్నారో, ఏమని చెప్పి పడుకున్నారో నా పుస్తకంలో రాసి ఉంది. ఆ పుస్తకాన్ని ఎవరూ తెరిచి చూడలేదు.

పుస్తకమంటే పొడుగాటి రూళ్ల రిజిస్టరు. తేదీ, పేరు, తరగతి, వచ్చిన సమయం, బాధ ఏమిటి, ఏం ఇచ్చాం, వెళ్లిన సమయం అని గళ్లు గీసుకునేదాన్ని. ఆటస్థలంలో మోకాలు గీరుకుపోయి వచ్చినవాళ్లను పక్కన పెడితే, మగపిల్లలకు ఆ పుస్తకంలో నాలుగే జబ్బులు. కడుపునొప్పి, తలనొప్పి, కళ్లు తిరుగుతున్నాయి, వాంతి వచ్చేలా ఉంది. ‘భయంగా ఉంది మిస్’ అని పంతొమ్మిదేళ్లలో ఒక్కడూ చెప్పలేదు.

కొందరిది ఉత్త ఆకలి. పొద్దున ఆరింటికి ట్యూషను, అక్కడి నుంచి నేరుగా బడి, మధ్యలో టిఫిన్ లేదు. అలాంటివాళ్ల కోసం బీరువాలో బిస్కెట్ పొట్లాలు, హార్లిక్స్ సీసాలో వాము పెట్టుకునేదాన్ని. రెండు బిస్కెట్లు తిని గుక్కెడు వాము నీళ్లు తాగితే పావుగంటలో లేచి వెళ్లిపోయేవారు. మిగిలినవాళ్ల నొప్పి గురువారం ఉదయం, అంటే లెక్కల స్లిప్ టెస్టుకు ముందు పీరియడ్‌లో వచ్చేది. టీచర్లు దాన్ని వేషాలు అంటారు. వేషాలు కావు. భయం పుట్టినప్పుడు కడుపు నిజంగానే మెలిపెడుతుంది, పేగులకూ మెదడుకూ నరాల లంకె ఉంది. ఇంటర్వ్యూ గది బయట కూర్చున్న పెద్దవాళ్లకు కూడా పదేపదే బాత్‌రూమ్ గుర్తుకు రావడం లేదా?

బాత్‌రూమ్ అన్నాను కాబట్టి ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. తొమ్మిదో తరగతి, డి సెక్షన్. ఆగస్టు నుంచి నవంబరు లోపల పదకొండు సార్లు వచ్చాడు. ప్రతిసారీ పొత్తికడుపులో నొప్పి, ప్రతిసారీ మధ్యాహ్నం తర్వాతే. జ్వరం లేదు, విరేచనాలు లేవు. ఓఆర్ఎస్ కలిపి ఇచ్చి, పడుకోబెట్టి, పంపించేదాన్ని. పదకొండోసారి వచ్చినప్పుడు వాడి బ్యాగు జారి కిందపడితే నీళ్ల సీసా దొర్లుకుంటూ మంచం కిందకు పోయింది. వంగి తీశాను. బరువుగా ఉంది. మధ్యాహ్నం మూడు గంటలవుతోంది, లీటరు సీసా మూత దాకా నిండి ఉంది. పొద్దున వాళ్లమ్మ పోసిచ్చిన నీళ్లు పోసినట్టే ఉన్నాయి.

“నీళ్లు తాగవా నాన్నా?” అన్నాను. మాట్లాడలేదు. “తాగితే బాత్‌రూమ్‌కు పోవాలి కదా, అందుకా?” అన్నాను. ఎందుకలా అడిగానో నాకే తెలియదు. వాడు బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకోవడం మొదలుపెట్టాడు. మూడోసారి కడుతున్నప్పుడు చెప్పాడు. ఇంటర్వెల్‌లో బాత్‌రూమ్ దగ్గర పదో తరగతి వాళ్లు నలుగురు నిలబడతారట. వీడి గొంతు ఇంకా మారలేదు, సన్నగా ఉంటుంది. లోపలికి వెళ్లినప్పుడు తలుపు తోస్తారు, బయటికి వచ్చేటప్పుడు ప్యాంటు లాగుతారు, ఆడపిల్ల పేరు పెట్టి పిలుస్తారు. అందుకని ఉదయం ఏడున్నరకు ఇంట్లో బయలుదేరినవాడు సాయంత్రం నాలుగున్నరకు ఇంటికి చేరేదాకా ఉగ్గబట్టుకుంటాడు. హైదరాబాద్ ఎండల్లో, ఒక్క గుక్క నీళ్లు తాగకుండా. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చిందని తర్వాత పరీక్షలో తేలింది.

వెంటనే పైకి వెళ్లి చెప్పాను. పై గదిలో ఉన్నాయన మంచివాడే, ఫైలు మూసి విన్నాడు. విని, “మగపిల్లలన్నాక ఇవన్నీ మామూలేనమ్మా. మా రోజుల్లో ఇంతకంటే ఎక్కువే ఉండేవి. మీరు మందిచ్చి పంపండి” అన్నాడు.

ఆ మాట నేను ఒక్క ఆయన నోటే విన్నదైతే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

చివరికి దారి చూపింది మా పీఈటీ సారు. ఆయనకు చెబితే ఏమీ అనలేదు. మర్నాటి నుంచి ఇంటర్వెల్‌లో చేతిలో విజిల్ పట్టుకుని బాత్‌రూమ్ ముందున్న కుళాయిల దగ్గర నిలబడ్డాడు. ఎవరినీ తిట్టలేదు, ఎవరి పేరూ అడగలేదు. కుళాయి కారుతోందా లేదా అన్నట్టు చూస్తూ ఉండేవాడు. మూడు వారాలకు ఆ పిల్లవాడి సీసా ఖాళీగా ఇంటికి వెళ్లడం మొదలైంది. మరుసటి ఏడు ఆ సారుకు వేరే బడిలో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. కుళాయిల దగ్గర ఎవరూ నిలబడలేదు. ఆ పని ఆయన ఉద్యోగంలో భాగమని ఎక్కడా రాసి లేదు కదా, ఆయన తర్వాత వచ్చినవారికి ఎలా తెలుస్తుంది?

నేను కనిపెట్టలేకపోయినవాడి సంగతీ చెప్పాలి. పదో తరగతి, ఎ సెక్షన్. మా బడిలో ఏడో తరగతి నుంచి మార్కులను బట్టి సెక్షన్లు. ఎ లో ఉన్నవాడికి బి లోకి జారిపోతానేమోనని దిగులు, డి లో ఉన్నవాడికి ఇక ఎగబాకేది లేదని దిగులు. ఈ అబ్బాయి, ప్రవేశ పరీక్షలకు ముందునుంచే తయారుచేసే ఫౌండేషన్ బ్యాచ్‌లో అందరికంటే ముందుండేవాడు. అక్టోబరులో ఒకసారి వచ్చాడు, నవంబరులో రెండుసార్లు. మూడుసార్లూ నా చేతిరాతలో ఒకటే వాక్యం: ‘తలనొప్పి. బామ్ రాశాను. క్లాసుకు పంపాను.’ సంక్రాంతి సెలవుల తర్వాత బడికి రావడం మానేశాడు. గదిలోంచి బయటికి రావడం లేదని, పుస్తకం తెరిస్తే చేతులు వణుకుతున్నాయని వాళ్లమ్మ వచ్చి ఏడ్చింది. ఆ ఏడు పరీక్ష రాయలేదు. అప్పుడు తీసి చూస్తే మూడు వరుసలు మూడు పేజీల్లో చెదిరి ఉన్నాయి. అదే వారాల్లో వాడు ఆటల పీరియడ్‌లో మెట్ల మీద ఒంటరిగా కూర్చుంటున్నాడని లైబ్రరీ అమ్మకు తెలుసు. అన్నం డబ్బా తెరవకుండా తీసుకుపోతున్నాడని ఆయమ్మకు తెలుసు. హోంవర్కు రాత మారిపోయిందని తెలుగు మాస్టారికి తెలుసు. ఎవరికి తెలిసింది వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

మా బడి పరిచయ పుస్తకంలో పాస్టొరల్ కేర్, అంటే పిల్లల బాగోగులు కనిపెట్టుకుని ఉండడం, అని ఒక నున్నటి పేజీ ఉండేది. ఇంగ్లండు బడుల నుంచి వచ్చిన మాట. పాస్టర్ అంటే కాపరి. మా అమ్మమ్మ ఊళ్లో గొర్రెల కాపరిని చిన్నప్పుడు చూసేదాన్ని, సాయంత్రం మంద తోలుకొస్తూ లెక్కపెట్టడానికి ముందే కుంటుతున్నది ఏదో కనిపెట్టేవాడు. ఆ ఇంగ్లండు హాస్టలు బడుల్లో హౌస్ అంటే పిల్లలు తిని పడుకునే ఇల్లు. ఆ ఇంటి పిల్లలకు హౌస్ మాస్టరు పెద్దదిక్కు. ఆల్ సెయింట్స్ బడి 1855లో మొదలైన నగరం మనది, ఈ మాటలు మనకు నిన్న మొన్న వచ్చినవేమీ కావు. మా బడిలోనూ నాలుగు హౌసులున్నాయి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు. శనివారం వేసుకునే టీషర్టు రంగు చెప్పడానికి తప్ప అవి మరెందుకూ పనికిరాలేదు.

2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి తండ్రి పోరాడిన కేసు అది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంక సంస్థ లెక్క. వారిలో సగానికి పైగా మగపిల్లలే. నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని కోర్టు చెప్పింది. మార్కులను బట్టి పిల్లలను విడదీయడం, నలుగురిలో చిన్నబుచ్చడం వీలైనంతవరకు మానుకోవాలంది. సిబ్బందికి, నాలాంటి బోధనేతర సిబ్బందితో సహా, ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలంది. పిల్లలను కొట్టడమే కాదు, మానసికంగా హింసించడం కూడా కూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్‌లో ముందే ఉంది.

తీర్పు పుణ్యమా అని దసరా తర్వాత మా బడికీ ఒక కౌన్సెలర్ వచ్చింది. చురుకైన అమ్మాయి, వినడం తెలిసిన మనిషి. వారానికి రెండు రోజులు, దాదాపు 1,400 మంది పిల్లలు. ఆ అమ్మాయికి ఇచ్చిన గది ప్రిన్సిపాల్ గదికీ ఫీజు కౌంటరుకూ మధ్యన, అద్దాల తలుపుతో. ఫీజు కట్టడానికి వరుసలో నిలబడ్డ ప్రతి తండ్రికీ లోపల ఎవరు కూర్చున్నారో కనిపిస్తుంది. పైగా పిల్లవాణ్ని పిలవాలంటే మైకులో తరగతి, సెక్షను, పేరు చదివేవారు. నెల తిరగకుండానే పిల్లలు ఆ గదికి ఐసీయూ అని పేరు పెట్టారు. ఐసీయూలోకి నడుచుకుంటూ ఎవడు వెళతాడు? నా గదికి మాత్రం వచ్చేవారు, కడుపునొప్పికి పరువు నష్టం లేదు కాబట్టి.

ఆ గదిలోనే మనసు బాగాలేనివారికి సాయం చేసే టెలీ మానస్ నంబరు 14416 పోస్టరు అంటించారు. రాత్రీ పగలూ పలికే ఉచిత నంబరు, తెలుగులోనూ మాట్లాడతారు. కానీ బడికి ఫోను తెస్తే లాక్కుంటారు, ఆ గదిలోకి ఎవరూ వెళ్లరు. ఆ నంబరునూ, ఆపదలో ఉన్న పిల్లల కోసం ఉన్న 1098నూ పిల్లల డైరీ వెనక అట్ట మీద అచ్చువేయించమని అడిగాను. అక్కడ పుస్తకాల దుకాణం ప్రకటన ఉందన్నారు.

తల్లిదండ్రులను వదిలి బడినే అంటున్నానని అనుకోవద్దు. ఒంట్లో బాగాలేదని ఫోను చేస్తే పదిలో తొమ్మిదిసార్లు వచ్చింది తల్లులే. తండ్రులు వస్తే ‘మగాడివి, ఏడుస్తావేమిటి’ అనడం గుమ్మంలోనే మొదలయ్యేది. ఒక్క ఆటో డ్రైవరు మాత్రం నాకు గుర్తున్నాడు. ఖాకీ చొక్కాతోనే అఫ్జల్‌గంజ్ నుంచి వచ్చి, కొడుకు మంచం అంచున కూర్చుని, వాడి బూట్లు విప్పి, పాదాలు ఒళ్లో పెట్టుకుని, “తిన్నావా నాన్నా?” అన్నాడు. అరగంట నుంచి నాతో ఒక్క మాటా మాట్లాడని పిల్లవాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన ఆపలేదు. నేను బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేశాను.

నేను అడుగుతున్నది పెద్ద ఖర్చు కాదు. మా బడిలో దాదాపు యాభై మంది టీచర్లున్నారు. పిల్లలను పంచితే ఒక్కొక్కరికి ఇరవై ఎనిమిది మంది. ఆ హౌసులనే వాడుకోండి, ఆరో తరగతిలో చేరిన పిల్లవాడు పదో తరగతి దాటేదాకా ఒకే టీచరు లెక్కలో ఉండాలి. వాడు ఎలా ఉన్నాడు అంటే తడుముకోకుండా చెప్పగల మనిషి ఒకరుండాలి. టీచర్లకు ఇప్పటికే నడుములు విరుగుతున్నాయి, స్లిప్ టెస్టు కాగితాలు ఇంటికి మోసుకుపోతున్నారు, అది నేను చూశాను. అందుకే వారానికి ఒక స్లిప్ టెస్టు తగ్గించి ఆ పీరియడ్ దీనికి ఇవ్వాలి. శనివారం ఆఖరి పీరియడ్‌లో ఆ టీచర్లూ, నర్సూ, పీఈటీ, లైబ్రరీ అమ్మ, ఆయమ్మ, కౌన్సెలర్ ఒక చోట కూర్చుని, ఆ వారం నర్సు పుస్తకం తెరవాలి. మళ్లీ మళ్లీ వచ్చిన పేర్లు చదివితే చాలు. పిల్లవాడు చాటుగా చెప్పుకున్నది అక్కడ చదవనక్కర్లేదు. కౌన్సెలర్ గదిని సిక్ రూమ్ పక్కకు మార్చాలి. అప్పుడు అటువైపు నడిచేవాణ్ని చూసి తలనొప్పి కాబోలు అనుకుంటారు.

రిటైరయ్యే రోజు కొత్తగా వచ్చిన నర్సుకు తాళాలు అప్పగించాను. బీరువా మీద ఇరవై మూడు రిజిస్టర్లు ఉన్నాయి. వీటిని పాత కాగితాలవాడికి వేసేయమంటారా మేడమ్ అని అడిగిందా అమ్మాయి. వద్దని, కౌన్సెలర్‌కు ఇవ్వమని చెప్పాను. మొన్న మా ఆయమ్మ ఫోను చేసినప్పుడు వాటి సంగతి అడిగాను. ఇంకా అక్కడే ఉన్నాయట, పైన బిస్కెట్ల డబ్బా పెట్టారట.

పేరు ప్రచురించవద్దని మనవి.

— ఒక రిటైర్డ్ స్కూలు నర్సు,
సైదాబాద్, హైదరాబాద్