ఆదివారం నేను వచ్చేదాకా ల్యాప్‌టాప్ కొనొద్దు

రేయ్ మామా,

నీ మెసేజ్ రాత్రి పదకొండింటికి చూశా. షాపాయన ఇచ్చిన కాగితం ఫొటో కూడా పెద్దది చేసి మూడు మోడళ్ళూ చదివా. ఫోన్‌లో చెప్పే సంగతి కాదు ఇది, అందుకే కూర్చుని రాస్తున్నా. ముందు ఒక్క మాట, ఆఫర్ రేపటితో అయిపోతుందని ఆయన ఎంత చెప్పినా అడ్వాన్స్ మాత్రం ఇవ్వకు. ఆదివారం అనంతపురం నుంచి పొద్దున బస్సుకు వస్తా, ఇద్దరం కలిసి వెళ్దాం.

నీ దగ్గరున్నది 55 వేలు. చేయాలనుకుంటున్నది ఏంటి? కొండారెడ్డి బురుజు, ఓర్వకల్లు రాళ్ళు, మీ నాన్న వేరుశనగ కళ్ళం, ఇవన్నీ ఫోన్‌తో తీసి, కోసి, అతికించి, నీ గొంతుతో నాలుగు మాటలు చెప్పి పెట్టడం. దానికి ఈ డబ్బు చాలు. కానీ షాపులో నీకు చూపించేది స్టిక్కర్లు, మెరిసే లైట్ల కీబోర్డు. నీ పనికి కావలసినవి ఆ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటాయి.

నేను మొదటిసారి కొన్నప్పుడు చూసింది రెండే, ప్రాసెసర్ ఐ5 అని ఉందా, డిస్క్ 1 టీబీ ఉందా. స్క్రీన్ గురించి అడగాలనే తోచలేదు. ఆ ల్యాప్‌టాప్ మీదే మా అవ్వ సంగటి వీడియో ఎడిట్ చేశా. నీకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజు నువ్వూ తిన్నావు. కట్టెల పొయ్యి, మసిపట్టిన కుండ, అవ్వ తెడ్డు పక్కన పెట్టి చేతికి నీళ్ళద్దుకుని ముద్ద తిప్పే ఆ షాట్. నా స్క్రీన్ మీద చూస్తే మంట పాలిపోయి ఉంది, సంగటి బూడిద రంగులో ఉంది. లోపల వెలుతురు తక్కువై అట్లా వచ్చిందేమో అనుకుని రెండు రాత్రులు కూర్చుని రంగు పెంచుకుంటూ పోయా. ఇంట్లోవాళ్ళ గ్రూపులో పెట్టిన పది నిమిషాలకు మా చిన్నాయన ఫోన్ చేసి "ఏంరా, అవ్వ చేతులకు కుంకుమ పూసినావా" అన్నాడు. నా ఫోన్‌లో తెరిచి చూస్తే నిజమే, సంగటి ఇటుక రంగు, అవ్వ మొహం ఎర్రగా కందిపోయినట్టు. ఫోన్ తీసింది సరిగ్గానే తీసింది, స్క్రీనే నాకు సరిగ్గా చూపించలేదు.

అది 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అనే రకం స్క్రీన్, ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత అది. నెట్‌లో పెట్టే మామూలు వీడియోకు ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల కొలత ఒకటుంది, ఆ స్క్రీన్ అందులో మూడింట రెండు వంతులు కూడా చూపలేదు. కాగితంలో 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ అని గానీ, 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అని గానీ ఉండాలి, రెండూ దాదాపు ఒకటే. ఐపీఎస్ అని చెప్తే ఆగిపోవద్దు. పక్కనుంచి చూసినా బొమ్మ మారకుండా ఉండేది ఐపీఎస్, అందులోనూ 45 శాతంవి బోలెడు అమ్ముతున్నారు. నీ కాగితంలో రెండోదానికి ఆ 45 శాతం అని రాసే ఉంది చూడు. అవ్వ ఇప్పుడు లేదు. ఒరిజినల్ ఫైళ్ళు దాచిపెట్టుకున్నా కాబట్టి ఈ మధ్య మంచి స్క్రీన్ మీద ఆ వీడియో మళ్ళీ మొదటినుంచి చేశా, ఇప్పుడు అవ్వ అవ్వలాగే ఉంది. స్క్రీన్ గురించి ఇంత పట్టుబట్టేది అందుకే.

ఇక నీ రెండో మోడల్ గురించే ఇంకో సంగతి. దాని మీద రైజెన్ 5 7520యూ అనే ఏఎండీ ప్రాసెసర్ పేరు ఉంది, మూడోదాని మీద రైజెన్ 5 7530యూ అని ఉంది. ఒక్క అంకె తేడా, ధర తేడా కూడా పెద్దగా లేదు కదా అని అడిగావు. ఆ సిరీస్‌లో మూడో అంకె లోపలి డిజైన్ ఏ తరందో చెప్తుంది. 2 ఉంటే జెన్ 2, అది 2019లో వచ్చిన డిజైన్. 3 ఉంటే జెన్ 3, 2020ది. 7520యూకు 4 కోర్లు, అంటే ఒకేసారి పని చేసే భాగాలు, 7530యూకు 6. గ్రాఫిక్స్ భాగం 7520యూలో ఇంకా చిన్నది. పైగా 7520యూ ఉన్నవాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, రేపు 8 జీబీ చాల్లేదంటే పెంచుకునే దారి ఉండదు. అందుకని రెండో మోడల్‌ను ఇప్పుడే లిస్టులోంచి కొట్టెయ్.

ర్యామ్ 16 జీబీ కంటే తగ్గకు. డావిన్చీ రిసాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళు కూడా అడిగేది అదే. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివాటిలో బొమ్మ పని కూడా ఆ ర్యామ్‌లోంచే వాటా తీసుకుంటుంది, కాబట్టి ఒకే 16 జీబీ ర్యామ్ పుల్ల కంటే 8, 8 రెండు పుల్లలుంటే పని చురుగ్గా సాగుతుంది. షాపులో ఇది అడుగు, చెప్పలేకపోతే విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిస్తే అందులో మెమరీ దగ్గర ఎన్ని స్లాట్లు వాడుతోందో కనబడుతుంది.

నీ పాత సిస్టమ్‌లో వీడియో తుళ్ళి తుళ్ళి ఆడుతోందన్నావే, దాని కారణం తెలిస్తే ఏం కొనాలో నీకే అర్థమవుతుంది. నీ ఫోన్ 4కే వీడియోను హెచ్.265 అనే పద్ధతిలో కుదించి దాస్తోంది. అందులో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. ఒకటి పూర్తిగా పెట్టి, ఆ తర్వాతవాటిలో ముందుదానికీ దీనికీ ఏం మారిందో అంతవరకే రాసుకుంటుంది. ఫైలు చిన్నదయ్యేది అందుకే. 4కే 30 ఫ్రేములకు నిమిషానికి 170 ఎంబీ అని యాపిల్ తన ఫోన్లకు చెప్పే లెక్క, అంటే అరగంట తీస్తే 5 జీబీ. చూడటానికి బాగానే ఉంటుంది, కానీ ఎడిటింగ్‌లో నువ్వు మధ్యలో ఎక్కడో వేలు పెట్టినప్పుడల్లా అది వెనక్కెళ్ళి పూర్తి బొమ్మ పట్టుకుని, అక్కడినుంచి ఒక్కొక్కటే లెక్కేసుకుంటూ రావాలి. ఈ లెక్క కోసమే ప్రాసెసర్‌లో విడిగా ఒక భాగం ఉంటుంది. ఇంటెల్ వాళ్ళు 2011 నుంచి క్విక్ సింక్ అనే పేరుతో ఇస్తున్నారు, హెచ్.265ను, అందులో రంగులు ఎక్కువుండే 10 బిట్ రకం దాకా, పూర్తిగా తెరిచేది ఏడో తరం నుంచి. నీది నాలుగో తరం, పాపం అదేం చేస్తుంది.

దీనికి డబ్బు ఖర్చు లేని మందు కూడా ఉంది, ప్రాక్సీ. పెద్ద ఫైళ్ళకు చిన్న సైజు నకళ్ళు చేసుకుని ఎడిటింగ్ అంతా వాటిమీద కానిచ్చి, చివర్లో ఎక్స్‌పోర్ట్ మాత్రం అసలు ఫైళ్ళనుంచి తీసుకోవడం. కేడెన్‌లైవ్, షాట్‌కట్, రిసాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు మూడింట్లోనూ ఉంది. నేను సంగటి వీడియో రెండోసారి చేసింది ఇట్లాగే, ఎక్కడా ఆగలేదు. మీ తమ్ముడు విండోస్ బదులు లైనక్స్ వేస్తానంటున్నాడు కదా, వేసుకోనీ, కానీ రిసాల్వ్ ఉచిత వెర్షన్ లైనక్స్ మీద హెచ్.265 ఫైళ్ళు గానీ, దాని ముందు రకం హెచ్.264 ఫైళ్ళు గానీ తెరవదు. అక్కడ కేడెన్‌లైవ్ వాడాల్సిందే.

మొదటిది గేమింగ్ ల్యాప్‌టాప్, అందులో ఆర్‌టీఎక్స్ 3050 అనే విడి గ్రాఫిక్స్ కార్డు ఉంది. షాపాయన దాన్నే ఎక్కువ పొగుడుతున్నాడన్నావు. రిసాల్వ్‌లో రంగుల పని, వీడియోలో చుక్కచుక్కలుగా కనబడే నాయిస్ తీసేయడం లాంటివి బాగా చేసేవాడికి అది నిజంగా పనికొస్తుంది, కాదనను. కానీ అందులో ర్యామ్ 8 జీబీనే, స్క్రీన్ శాతం కాగితంలో రాయనే లేదు. ఆ కార్డు కూడా అన్నింట్లో ఒకటే కాదు, కంపెనీ దానికి 35 వాట్ల నుంచి 80 వాట్ల దాకా ఎంతైనా ఇవ్వొచ్చు, పేరు మాత్రం అదే. ఇంకొకటి వేడి. మే నెలలో మన దగ్గర 40 దాటుతుంది, మీ ఇంట్లో పై గది డాబా కింద ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. లోపల వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పరుపు మీద పెట్టి పని చేసే అలవాటు మాత్రం మానెయ్, కిందనుంచే గాలి పీల్చుకుంటుంది అది.

డిస్క్ ఎస్‌ఎస్‌డీ 512 జీబీ చాలు. మిగిలిన డబ్బుతో బయట పెట్టుకునే హార్డ్ డిస్క్ ఒకటి కొను. తీసిన ప్రతి ఫైలూ రెండు చోట్ల ఉండాలి, ఇందులో నా మాట వినాలి నువ్వు. సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్ గురించి అడిగావు. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం కంటే పాతది వద్దు, విండోస్ 11 ఎక్కదు, విండోస్ 10కేమో 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేశారు. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తానంటే అసలొద్దు, వారంటీకి అదే ఆధారం.

కాబట్టి నా మనసులో మూడోదే ఉంది, దాని స్క్రీన్ సరిగ్గా ఉంటేనే. అది కాగితం చూసి తేల్చేది కాదు, కళ్ళతో చూడాలి. పెన్‌డ్రైవ్‌లో షాట్‌కట్, వీడియోలు ఆడించే వీఎల్‌సీ వేసుకొస్తా, రెండూ ఇన్‌స్టాల్ చేయకుండానే నడుస్తాయి. వీఎల్‌సీలో నీ వీడియో ఆడిస్తూ టాస్క్ మేనేజర్‌లో జీపీయూ, అంటే గ్రాఫిక్స్ భాగం దగ్గర వీడియో డీకోడ్ గీత లేస్తోందా చూద్దాం, అది లేచి సీపీయూ, అంటే ప్రాసెసర్ తాపీగా ఉంటే మనకు కావలసింది ఉన్నట్టే. ఆ తర్వాత షాట్‌కట్‌లో వేసి ముందుకూ వెనక్కూ లాగి, పది నిమిషాలు ఎక్స్‌పోర్ట్ పెట్టి, కీబోర్డు మీద చెయ్యి ఆనించి చూద్దాం. షాపాయన విసుక్కుంటే విసుక్కోనీ, 55 వేలు పెట్టేది మనం.

నువ్వు చేయాల్సింది ఒక్కటే. శనివారం సాయంత్రం లోపల కళ్ళం దగ్గరికెళ్ళి 4కేలో రెండు నిమిషాలు తియ్యి. ఎర్రమట్టి, కాయల కుప్ప, మీ అమ్మ పసుపు చీర, మీ నాన్న మొహం దగ్గరగా. ఆ రంగులు నీకు బాగా తెలుసు కాబట్టి మూడు స్క్రీన్లూ పక్కపక్కన పెట్టించి అదే క్లిప్ ఆడిద్దాం, ఏది మీ నాన్నను ఉన్నట్టు చూపిస్తుందో దాన్నే పట్టుకొద్దాం. బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జీ తిని పదింటికల్లా షాపులో ఉండాలి, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని రా.

నీ
మామ