అత్తరు కొనేముందు ఒంటిపై ఆరనివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిళ్ల రోజుల్లోనూ రంజాన్ నెలలోనూ చార్మినార్ పరిసరాల్లోని అత్తరు దుకాణాలు కిటకిటలాడతాయి. సీసా మూతకున్న గాజు పుల్లతో దుకాణదారు కొనేవారి ముంజేతిపై ఒక గీత గీస్తాడు, నచ్చలేదంటే దాని పక్కనే మరో గీత గీస్తాడు. నాలుగైదు గీతలయ్యేసరికి ఏది ఊదు (అగరు) వాసనో, ఏది మల్లె వాసనో ముక్కుకు తెలియని స్థితిలో ఏదో ఒక సీసా పుచ్చుకుని బయటపడినవారు, ఇంటికెళ్లాక వాసన మారిపోయిందని, తమను మోసం చేశారని వాపోతుంటారు. మార్కెట్‌లో కల్తీ లేదని నేను అనను. కానీ ఆ మార్పులో చాలా భాగం అత్తరు గుణం వల్ల, పూసుకున్నవారి ఒంటి గుణం వల్ల వచ్చేదేనని కొనేవారికి ముందుగా చెప్పే నాథుడు లేకపోవడం విచారకరం.

అత్తరు తయారీకి పేరుపడ్డ ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో పాత పద్ధతిని వదలని కార్ఖానాల్లో పూలను రాగి పాత్రలో నీటితో కాచి, ఆ ఆవిరిని వెదురు గొట్టం గుండా గంధపు నూనె పోసిన మరో పాత్రలోకి పంపి చల్లారుస్తారు. ఆల్కహాలు లేని ఆ నూనెలో ఎన్నో పరిమళ ద్రవ్యాలు కలిసి ఉంటాయి, అవన్నీ ఒకే వేగంతో ఆవిరి కావు. తేలికైనవి ముందుగా ఎగిరిపోతాయి, గంధంలోని శాంటలాల్ వంటి బరువైనవి గంటల తరబడి నిలుస్తాయి. కాబట్టి దుకాణంలో మనల్ని మురిపించిన వాసన సాయంత్రం దాకా మనతో ఉండే వాసన కాదు.

పైగా జిడ్డు చర్మం పరిమళాన్ని పట్టి ఉంచుతుంది, పొడి చర్మం తొందరగా వదిలేస్తుంది, ఒంటి వేడి ఎక్కువైతే ఆవిరయ్యే వేగమూ పెరుగుతుంది. చెమటకు దానంతట దానికి పెద్దగా వాసన ఉండదు. చర్మంపై ఉండే బాక్టీరియా దాన్ని విడగొట్టినప్పుడు వాసన పుడుతుంది, ఆ బాక్టీరియా అందరి ఒంటిపైనా ఒకేలా ఉండదు. మెంతులు బాగా తిన్నవారి చెమటలో మెంతి వాసన రావడం మన ఇళ్లలో తెలిసిన సంగతే, అత్తరు దానితోనూ కలవాల్సిందే. మా ఇంట్లో ఒకే సీసాలోని మల్లె అత్తరు మా అక్క చేతిపై మాపటిదాకా తాజాగా ఉంటుంది, నా చేతిపై మధ్యాహ్నానికే వాడిన పూల మాదిరి బరువెక్కుతుంది. మల్లెలో సహజంగానే ఇండోల్ అనే ద్రవ్యం ఉంటుంది. అది కొద్దిగా ఉంటే పూవుకు నిండుదనం, మోతాదు మించితే కుళ్లు వాసన.

చర్మం సంగతి ఇలా ఉండగా, అందరి ముక్కులూ ఒకటి కావు. కృత్రిమ కస్తూరి ద్రవ్యాల్లో కొన్నింటి వాసన కొందరికి బొత్తిగా తెలియదు. అలాంటివారు అత్తరులో పస లేదనుకుని మళ్లీ మళ్లీ పూసుకుంటే పక్కవారికి తలనొప్పి వస్తుంది.

అందువల్ల దుకాణదారులకు నా విన్నపం ఏమిటంటే, ఒక్కో చేతికి ఒక్క అత్తరు మాత్రమే రాసి, రెండు మూడు గంటలు తిరిగి రమ్మని కొనేవారికి వారే చెప్పాలి. అంత సమయం లేనివారికి ఒక్క మిల్లీలీటరు సీసా అమ్మితే ఇద్దరికీ నష్టం లేదు. అత్తరు ముంచిన దూదిని చెవి మడతలో పెట్టుకోవడం హైదరాబాద్‌లో అందమైన ఆనవాయితీయే అయినా, కొనేముందు పరీక్షకు అది పనికిరాదు, ఎందుకంటే నూనె చాలావరకు దూదిలోనే ఉండిపోతుంది.

ప్రభుత్వం చేయాల్సింది మరొకటి ఉంది. గంధపు నూనె ధర ఆకాశాన్నంటడంతో చాలా అత్తర్లకు లిక్విడ్ పారఫిన్ (వాసన లేని ఖనిజ తైలం) వంటివి ఆధార నూనెలయ్యాయి. అవి చవక కావడం తప్పు కాదు, కానీ అవి గంధపు నూనెలా ప్రవర్తించవు, గంధం ఇచ్చే, చివరిదాకా నిలిచే అడుగు వాసనా వాటికి ఉండదు. సౌందర్య సాధనాల లేబుల్‌పై పదార్థాల జాబితా ముద్రించాలన్న నిబంధన నుంచి 60 మిల్లీలీటర్ల లోపు ద్రవాల ప్యాకింగ్‌కు మినహాయింపు ఉంది. అత్తరు అమ్ముడయ్యేది 3, 6, 12 మిల్లీలీటర్ల సీసాల్లో కనుక ఆ రక్షణ మనకు అందడం లేదు. పరిమళ ద్రవ్యాలు పడక దద్దుర్లు వచ్చేవారికి ఇది ఆరోగ్య సమస్య కూడా. సీసాపై చోటు చాలకపోతే అట్టపెట్టెపైనైనా ఆధార నూనె పేరు, కృత్రిమ ద్రవ్యాలు కలిశాయో లేదో ముద్రించేలా ఈ మినహాయింపును సవరించాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హైదరాబాద్